చూసినవాళ్లెవరు

సైన్యంలో పదిహేడేళ్లు తుపాకీ పట్టానని మాచర్లలో అందరికీ చెప్పుకున్నాను. పట్టింది గరిటె. జవాన్లకు వంట చేసేవాణ్ణి.

ఈమధ్య రెండుసార్లు స్పృహ తప్పాను. మాజీ సైనికుల ఆస్పత్రికి వెళితే బీపీ చూశారు. మెదడు తరంగాలు చూసే మిషను అక్కడ లేదట. చీటీ రాసి గుంటూరు పంపారు. తలకు నూనె ఉండకూడదన్నారని కుంకుడుకాయతో రుద్దుకుని మొదటి బస్సెక్కాను.

అక్కడ ఒకమ్మాయి నా నెత్తికి జిగురు పూసి వైర్లు అతికిస్తూ అడిగింది. "పడినప్పుడు కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయా తాతా? చూసినవాళ్లెవరు?"

"బజారు బజారంతా చూసిందమ్మా. పదిమంది మోశారు. కాళ్లు కొట్టుకుంటుంటే ఇద్దరు గట్టిగా పట్టుకున్నారు."

అన్నీ రాసుకుంది. "వాళ్లలో ఒకళ్లకి ఫోన్ చేసియ్యి. డాక్టరుగారు మాట్లాడాలి."

ఫోను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. "ఎవరూ చూళ్లేదమ్మా," అన్నాను. మా ఆవిడ పోయాక ఇంట్లో నేనొక్కణ్ణే. రెండుసార్లూ వంటింట్లోనే పడ్డాను. లేచేసరికి పాలు మాడి గిన్నె నల్లబడి ఉంది. నాకు తెలిసింది అంతే.

ఆ అమ్మాయి కోప్పడలేదు. రాసిందంతా కొట్టేసింది.

మిషను గీసిన గీతలు మామూలుగానే వచ్చాయి. "అంతమాత్రాన మూర్ఛ కాదని చెప్పలేను," అన్నాడు డాక్టరు. "ఈసారి పడినప్పుడు ఎవరైనా చూసి చెప్పాలి. అప్పుడే మందు సంగతి."

మా గోడ అవతల స్కూటర్ మెకానిక్కు షెడ్డుంది. నన్ను మామా అంటాడు. విషయం చెప్పి, రోజూ పొద్దున్నే టీకి రమ్మన్నాను.

"టీకి పిలవటానికి గుంటూరు దాకా పోవాల్నా మామా? గోడ మీంచి కేకేస్తే రానా ఏంది?"

రోజూ వచ్చాడు. నేను పాలు కాస్తుంటే గడపలో కూర్చుని నన్నే చూసేవాడు. "ఇయ్యాలన్నా పడతావా, చానా పనుంది నాకు," అనేవాడు. పదిహేను రోజులైనా నేను పడలేదు. పడకపోతే ఎన్నాళ్లు వస్తాడన్న బెంగ పట్టుకుంది.

నిన్న పాలు పొంగే వేళకు కళ్లు తేలేసి గోడవారగా జారాను. అతను చేతిలో ఖాళీ గ్లాసు పారేసి పరిగెత్తుకొచ్చి నా తల ఒళ్లో పెట్టుకున్నాడు. "మామా, మామా" అంటూ చెంపలు తట్టాడు. ఉండబట్టలేక కళ్లు తెరిచి, ఉత్తిదేరా అన్నాను.

"నిజంగా పడ్డప్పుడు నేనెట్ట నమ్మాల మామా?" అని లేచి వెళ్లిపోయాడు.

ఇవాళ పాలు కాగినా అతను రాలేదు. అవతల షట్టరు లేచిన చప్పుడు వినపడింది. గోడ దాకా వెళ్లాను. కేకెయ్యకుండానే తిరిగొచ్చి, పొయ్యి కట్టేశాను.