కోళ్ళకు కొన్న లిఫ్టు

వీధిలో అందరూ అతన్ని లిఫ్టాయన అంటారు. నడిబజారులో ఒక పాత ఆఫీసు భవనం ఉంది. నలుగురెక్కితే ఊపిరాడని దాని లిఫ్టులో, జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఎక్కి తెల్లబడ్డాక దిగాడు. పైకి పోయేవాళ్ళుగానీ కిందికి దిగేవాళ్ళుగానీ అతని ముఖం చూసిన పాపాన పోలేదు. అందరి కళ్ళూ తలుపు మీద వెలిగే అంకెల మీదే. తర్వాత, ఎవరి మీట వాళ్ళే నొక్కుకునే కొత్త లిఫ్టు వచ్చింది. ఈ పనికి అసలు మనిషే అక్కర్లేదన్న సంగతి పెద్దలకు ఒక ఉదయం తట్టింది. చెయ్యి కలిపి ఇంటికి పంపేశారు.

ఇంటికొచ్చాక అతనికి కూర్చోవడం చేతకాలేదు. వంటింటి గుమ్మానికి వీపు ఆనించి నిలబడేవాడు.

"దారికడ్డం, జరగండి" అనేది భార్య.

జరిగి పడకగది గుమ్మంలో నిలబడేవాడు. అక్కడా అడ్డమే. చివరికి పెరట్లో, కోళ్ళ మధ్య నిలబడితే ఎవరూ జరగమనలేదు. కోళ్ళు భార్యవి. ఆమె పక్క వీధి దర్జీ కొట్టులో కాజాలు కుట్టడానికి పోతే, అవి అతని కాళ్ళ చుట్టూ చేరేవి. తల పక్కకు వాల్చి ఒంటికన్నుతో ముఖంలోకి సూటిగా చూసేవి. ముఖ్యంగా ఒక తెల్లపెట్ట. దాని చూపుకు ఏదో బదులు చెప్పాలన్నట్టు అతని పెదాలు కదిలేవి. ఆ పూటలు ఎటు పోయేవో తెలియదు. ఎండ గోడ దిగి, మునగచెట్టు మొదట్లో కాసేపు పడుకుని, లేచి వెళ్ళిపోయేది.

కోళ్ళు రాత్రిళ్ళు వెనకగోడ మీద వరసగా వాలి నిద్రపోయేవి. ఒక గండుపిల్లి ఈ సంగతి కనిపెట్టింది. మొదట నల్లపెట్ట పోయింది, కొన్నాళ్ళకు దాని పక్కన పడుకునేది పోయింది.

"ఇంకొక్కటి పోయిందంటే మిగిలినవాటిని మా అక్కకిచ్చేస్తాను" అంది భార్య. "వాళ్ళ పెరటికి కుక్క కాపలా ఉంది. పిల్లిని మేపడానికి నేను కళ్ళు పోగొట్టుకుని కాజాలు కుట్టలేను."

కోళ్ళు లేని పెరడు అతనికి కళ్ళముందు కదిలింది. అందులో తను ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

"గూడు కొంటాను" అన్నాడు.

"మీరా?" ఆమె సూది ఆపి చూసింది. "సరే. చవగ్గా ఉండాలి, పదికాలాలు మన్నాలి. ఎవడో నవ్వుతూ మాట్లాడాడని తలూపేసి రాకండి. మా తమ్ముణ్ణి తీసుకెళ్ళండి."

ఆ తమ్ముడు వెల్డరు. గేట్లు అతికి అతికి, దేన్ని చూసినా ముందు కొట్టి చూడటం అలవాటైపోయింది. మొదటి కొట్లో బొమ్మరిల్లు లాంటి గూడు చూపించారు. ఏటవాలు కప్పు, చిన్న కిటికీ, నీలం రంగు. లిఫ్టాయన ముచ్చటపడి ఆగిపోయాడు. బావమరిది దాని అడుగున బొటనవేలితో నొక్కాడు. చెక్క లోపలికి సొట్టబడింది.

"బావా, ఇది ఫొటో దిగడానికి. ఒక్క వాన పడిందంటే అట్టపెట్టె."

రెండో కొట్లో తీగల గూడు. తీగ ఎంత సన్నమంటే వేలితో వంచితే వంగింది. మూడో చోట ప్లాస్టిక్కుది. "ఎండకు పెళుసెక్కి పగులుతుంది. పద" అన్నాడు బావమరిది. గట్టిగా ఉన్నది అందుబాటులో లేదు, అందుబాటులో ఉన్నది గట్టిగా లేదు. లోకంలో సామాన్యుడి కోసం చేసే వస్తువులన్నీ ఇంతే. వాడు మళ్ళీ మళ్ళీ కొనాలనే చేస్తారు.

పొద్దు వాలుతుండగా ఊరి చివర పాతసామాన్ల కొట్టుకు చేరారు. ఊడదీసిన కిటికీలు, తలుపు లేని బీరువాలు. వాటి వెనక, ఒక పక్కకు ఒరిగి, నిలువెత్తున ఒక లిఫ్టు. చుట్టూ టేకు పలకలు, నెత్తిన గాలాడే ఇనప జల్లెడ, ముందు మడత గేటు.

లిఫ్టాయన బీరువాలను తప్పించుకుంటూ దాని దగ్గరికి నడిచాడు. నాదే, అనుకున్నాడు. లోపలికెళ్ళి తన మూలలో వీపు ఆనించాడు. భుజానికి ఆ చోటు దొరకలేదు. ఏళ్ళ తరబడి ఒరుసుకుని నున్నబడిన మెరుపు అతని భుజం కంటే జానెడు పైనుంది. కింద ఎడమ మడమ ఆనేచోట నేల గుంటపడింది. ఎవరో పొడుగు మనిషి. ఎడమకాలి మీద బరువు మోపి, ఇంకెక్కడో ఇంకో భవనంలో, తనలాగే ఎక్కుతూ దిగుతూ బతుకు వెళ్ళదీసినవాడు. ఒకే ఊళ్ళో ఎన్నివేల సార్లు ఇద్దరూ ఒకే ఎత్తున గాలిలో వేలాడి ఉంటారో. ఎదురుపడే దారే లేదు.

"ఏ భవనానిదిది?" అని అడిగాడు.

"లారీలో వచ్చింది తాతా, నాకేం తెలుసు" అన్నాడు కొట్టువాడు. "అసలైన టేకు. చెదపట్టదు. నీ మనవలు కూడా ఇందులో కోళ్ళు పెంచుకోవచ్చు. మోయలేక ఎవడూ అడగటం లేదు. తీసుకెళ్తానంటే కట్టెల ధరకే ఇస్తా."

బావమరిది పలకల మీద కొట్టి చూశాడు. మూలలు కొట్టి చూశాడు. ఇక ఏ వంకా దొరకలేదు.

"బావా, ఇంటికి పంపించినా నువ్వు డ్యూటీ దిగవన్నమాట."

ట్రాలీ ఆటో మీద దాన్ని నిలబెట్టి తాళ్ళతో కట్టారు. ముందు చోటు లేక లిఫ్టాయన అందులోనే నిలబడ్డాడు. నిలువునా తప్ప ఎటూ కదలని పెట్టె ఇప్పుడు వీధి వెంట సాగింది. గేటు సందుల్లోంచి దుకాణాలు, మేడమీద ఆరేసిన చీరలు, దీపం వెలిగిస్తున్న ఒక చెయ్యి మెల్లగా జరిగిపోయాయి. ఏ అంతస్తూ రాలేదు, ఎవరూ ఆపమనలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తలలెత్తి అతని ముఖంలోకి చూశారు. ఆ ప్రయాణం అలా సాగిపోతే బాగుండుననిపించింది.

భార్య దాని చుట్టూ తిరిగింది.

"గూడు తెమ్మంటే మేడ తెచ్చారా?" గేటు సందులోంచి చెయ్యి మోచేతిదాకా దూర్చింది. "పిల్లి ఇందులోంచి వచ్చి, కుశలం అడిగి, భోంచేసి వెళ్తుంది."

ఆ సందుల సంగతి అతనికి తట్టనేలేదు. ఎప్పుడూ లోపలినుంచి చూసినవాడు.

"కూర్చునే కర్ర ఏది? మీలాగా నిలబడి నిద్రపోతాయనుకున్నారా?"

తమ్ముడు గేటుకు సన్న ఇనపజాలీ అతికాడు. కింద నాలుగు మూలలా ఇటుకలు పేర్చి ఎత్తు లేపి, గేటు ముందు ఇంకొన్ని మెట్టుగా పేర్చాడు. నడుమెత్తున గుండ్రటి కర్ర ఒకటి అడ్డంగా బిగించాడు. ఆమె కోళ్ళను పట్టి లోపల వేసింది.

"కొన్నాళ్ళు వదలొద్దు. మేతైనా నీళ్ళైనా లోపలే. ఇదే ఇల్లని వాటి ఒంటికి పట్టాలి. మధ్యలో తలుపు తీశారో, మళ్ళీ గోడే."

మర్నాడు మధ్యాహ్నం ఆమె కొట్టుకు పోయాక చూశాడు. మిగతావి కర్ర మీద గొణుక్కుంటున్నాయి. తెల్లపెట్ట మాత్రం నేలమీద, ఆ పొడుగు మనిషి మూలలో, ఒంటికాలి మీద నిలబడి ఉంది. బయట ఎండ. ఎండలో గడ్డి. అది తలుపు వంకే చూస్తోంది. అతని చెయ్యి తనంతట తనే గేటు లాగింది.

కోళ్ళు రెక్కలు విప్పుకుంటూ వెలుతురులోకి పరిగెత్తాయి. అతనికి ఒళ్ళంతా తేలికైంది. సాయంత్రం అవి నేరుగా వెనకగోడ ఎక్కాయి. నిచ్చెన వేసి అందినవాటిని దించాడు. తెల్లపెట్ట అందకుండా పక్కవాళ్ళ రేకుల మీదికి ఎగిరింది. తెల్లారి చూస్తే గోడ కింద తెల్లటి ఈకలు.

"తలుపు తీసిందెవరు?" అంది భార్య.

"నేనే."

"అంత చెప్పాను కదా. ఎందుకు?"

"లోపల నిలబడి ఉందే" అన్నాడు.

ఆమె తిట్టలేదు. వంగి ఈకలు ఏరింది. "ఆదివారం మా అక్కని రమ్మంటాను."

"అప్పటిదాకా ఆగు. ఈసారి తియ్యను. నేనూ లోపలే ఉంటాను."

"ఎక్కడ?"

"వాటితో."

పొద్దున్నే బాల్చీ ఒకటి బోర్లించుకుని లోపల కూర్చునేవాడు. గేటు లాక్కునేవాడు. బావమరిది చూడ్డానికొచ్చి, "బావా, పైకా కిందికా?" అన్నాడు.

"నువ్వు ముందు ఒళ్ళు తగ్గరా. తాడు తెగుతుంది."

మధ్యాహ్నాలు జాలీలోంచి ఎండ చిన్న చిన్న గళ్ళుగా కోళ్ళ వీపుల మీద పడేది. కర్ర మీద అవి గొంతులోనే ఏదో మాట్లాడుకునేవి. కళ్ళు మూతపడేవి. పెట్టె నేలను వదిలి మెల్లగా లేచేది. బట్టల తీగ, మునగచెట్టు కొస, పక్కవాళ్ళ రేకులు ఒక్కొక్కటే కిందికి జారిపోయేవి. ఇంకా పైన, ఆఫీసులూ అంకెలూ లేనిచోట, ఒక పొడుగు మనిషి మూలకు ఆనుకుని ఉండేవాడు. కాళ్ళు లాగుతున్నాయా అని ఇతను అడిగేవాడు. అలవాటైపోయిందిలే అనేవాడు అతను. కూర్చోండి అని ఇతను బాల్చీ మీద సగం చోటిచ్చేవాడు. ఒక కోడి రెక్క దులిపితే పెట్టె మళ్ళీ నేలకు దిగేది.

శనివారం సాయంత్రం గేటు తీశాడు. కోళ్ళు బయటికొచ్చి ఒళ్ళు విరుచుకున్నాయి. మన్నులో పొర్లాయి. వెలుతురు పలచబడింది. ఎర్రపెట్ట వెనకగోడ దగ్గరికెళ్ళి తలెత్తి చూసింది. వంటింటి గుమ్మంలో భార్య, పక్కన అతను. జరగమని ఆమె అనలేదు.

ఎర్రపెట్ట అలా చూసి చూసి వెనక్కి తిరిగింది. దారిలో ఒక గింజ ఏరుకుంది. ఇటుక ఎక్కి, లోపలికెళ్ళి, కర్ర మీదికి ఎగిరింది. దాని వెనకే మిగతావి ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళ్ళాయి. అతను వెళ్ళి గేటు మెల్లగా లాగాడు. గొళ్ళెం పెట్టి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

వంటింట్లో భార్య ఫోనులో మాట్లాడుతోంది.

"లేదక్కా, రేపు రావద్దు. కోళ్ళు ఇచ్చేది లేదు. ఆయనా? పెరట్లో కూర్చున్నారు. ఇప్పుడే కాదు, కాసేపాగి పిలుస్తాలే."