ఇద్దరి మధ్య నిలబడ్డ కాయ

మా అమ్మాయి చేపల తొట్టి కడుగుతుంటే గాజురాళ్లు సింకులో గలగలమన్నాయి. నా చేతిలో గరిటె ఆగిపోయింది. నాకది మూర్తి అన్నయ్యగారి ఇంటి చప్పుడు.

అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో మా కింది ఫ్లాటులో ఆయన ఒంటరిగా ఉండేవారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రిటైరయ్యాక ఒకటే ధ్యాస, ఎప్పుడో రోమన్లు ఆడిన ఒక ఆట. గళ్లు గీసిన రాతిపలకలు దొరికాయట, గాజు కాయలూ దొరికాయట, ఎలా ఆడేవారో మాత్రం తెలియదట. ఎదుటివాడి కాయను మన రెండు కాయల మధ్య ఇరికిస్తే అది చచ్చినట్టు. పాత రాతల్లో మిగిలింది దాదాపు అంతే. తక్కినదంతా ఊహించి, ఆడి చూసి, కుదరకపోతే కొట్టేయాలి. కంప్యూటరు చేత ఎన్నిసార్లు ఆడించారో! "ఎవరు గెలిచారో అది చెబుతుందమ్మా. ఇంకో ఆట వేద్దామా అని అడగదు," అనేవారు. అందుకని అష్టాచెమ్మా తప్ప ఏమీ రాని నన్ను పిలిచారు.

పెద్దాయన కదా, మర్యాదకి ఓడిపోతూ వచ్చాను. ఒకరోజు కాఫీకప్పు పక్కన పెట్టేశారు.

"కావాలనే ఓడుతున్నారు కదూ?"

"పెద్దవారు కదండీ..."

"పెద్దవాణ్ణని టెస్టింగ్‌లో బగ్ దాచేస్తారా? మీరు గట్టిగా ఆడితేనే కదా ఈ రూల్ పనికొస్తుందో లేదో తేలేది! నన్ను ఓడించండి, తల్లీ!"

పుట్టింట్లో, అత్తింట్లో ఒద్దికగా ఉండమన్నవాళ్లే గానీ, ఓడించమన్నవాళ్లు లేరు. ఆ పూట చిత్తుగా ఓడించాను. ఆయన చప్పట్లు కొట్టి, "ఛీ, ఈ రూల్ వేస్ట్!" అన్నారు.

చివరికి ఒక్క చిక్కు మిగిలింది. మన కాయే నడుచుకుంటూ వెళ్లి శత్రువుల మధ్య నిలబడితే చచ్చినట్టా, బతికినట్టా? అలా ఆడాం, ఇలా ఆడాం. రెండూ బాగానే ఉన్నాయి. "ఇదొక్కటి తేల్చేసి పోతాను," అనేవారు. అప్పటికే డాక్టర్లు కీమో ఆపేశారు.

ఆసుపత్రికి పలక పట్టుకెళ్లాను. ఆయన ఒక నల్లకాయను జరిపి, నా తెల్లకాయల మధ్య పెట్టారు.

"తీస్తారా, వదిలేస్తారా?"

"మీరే చెప్పాలి కదా, అన్నయ్యగారూ."

"ఎన్నాళ్లని నేనే చెప్పాలి? ఎత్తు మీది."

నా చెయ్యి కాయ దాకా వెళ్లింది. ఇంతలో నర్సు మందిచ్చేందుకు వచ్చి పలక తీసేసింది. కాయలన్నీ కలిసిపోయాయి.

"గుర్తుందా?" అన్నారు కళ్లు మూసుకునే.

"ఉంది."

"అయితే రేపు."

మర్నాడు వెళ్లేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు.

ఏ గడిలో ఏ కాయ ఉందో ఇప్పటికీ చెప్పగలను. అది బతికినట్టే అనుకోవాలని ఉంటుంది. కానీ జాలితో వేసిన ఎత్తు లెక్కలోకి రాదని నేర్పింది ఆయనే. గట్టిగా ఆడాలంటే ఆ కాయను తీసేయాలి. నా వల్ల కావడం లేదు. ఎత్తు ఇంకా నాదే.