చెయ్యి కాదు, మణికట్టు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. తాడేపల్లిగూడెం స్టేషన్లో ఏలూరు వెళ్ళే బండి కోసం నిలబడి ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్నగారు ఇక లేరు" అంది. నేను బయల్దేరిందే ఆసుపత్రిలో ఉన్న ఆయన్ని చూడటానికి. ఆయనకిచ్చే వీలు లేదని తెలిసి కూడా ఫ్లాస్కులో కాఫీ పోసుకుని మరీ వచ్చాను.

ఏడుపు రాలేదండి, భయం వేసింది. ఆఖరి ఘడియలో ఆయన్ని ఎవరైనా పట్టుకుని ఉన్నారా, లేదా? బుర్రలో అదొక్కటే తిరిగింది. ఫోన్లో అడగడానికి నోరు రాలేదు. "లేదక్కా, ఒక్కరే ఉన్నారు" అంటే ఏం చెయ్యను? దగ్గరుండి పట్టుకుంటానని ఆయనకి మాటిచ్చినదాన్ని నేను. ఆ మాట ఎందుకిచ్చానో తెలియాలంటే ముందు ఆయనెంత పిరికివారో చెప్పాలి.

మనిషి పోయిన రోజున పిరికివారంటుందేమిటి ఈవిడ అని తిట్టుకోకండి. ఆ మాట ఆయనే చెప్పుకునేవారు. ఉంగుటూరు దగ్గర పల్లెలో అర్చకుల కుటుంబం వారిది. కాలవ పక్కనే పుట్టి పెరిగినా ఈత రాదు. అలాంటి మనిషిని తెచ్చి కొల్లేటి నడుమ ఉన్న మా లంక ఊరి బడికి వేశారు. ఆకివీడు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, ఆ తర్వాత పడవ. పడవెక్కగానే మాస్టారు రెండు చేతులతో అంచు పట్టుకుని కళ్ళు మూసేసుకునేవారు. నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్కలోంచి కొంగ లేచినా ఉలిక్కిపడేవారు. పిల్లలం ఒడ్డున నిలబడి పడీ పడీ నవ్వేవాళ్ళం. పడవ నడిపే మావయ్య మాత్రం నవ్వేవాడు కాదు. ఊరందరికీ ఆయన మావయ్యే. "మాకూ భయమేనండి మాస్టారూ, పైకి చెప్పమంతే" అనేవాడు.

ఆ భయాన్నే పాఠం చేసేశారాయన. మాకు చెప్పిన మొదటి ఇంగ్లీషు మాట గ్రాబ్. "ఆలోచన లేకుండా, చప్పున, దొరికింది దొరికినట్టు పట్టేసుకోవడం. పొద్దున్న పడవ ఊగినప్పుడు నేను చేసింది అదే" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. "నవ్వండి, నవ్వండి. మాట గుర్తుంటుంది కదా, నాకది చాలు."

ఆ మాటకి చుట్టాలు ఉంటారనేవారు. చుట్టాలన్నాక అందరూ ఒక్కలా ఉండరనీ అనేవారు. మన వైపు వచ్చేదాన్ని పడితే క్యాచ్. పిల్లాడి చేతిలో జంతిక కాకి తన్నుకుపోతే స్నాచ్. అధికారం చూపించి పట్టుకుంటే సీజ్. "చేపల లారీ సీజ్ చేశారని మీ నాన్నలు అనుకోవట్లేదూ? మీ ఇళ్ళల్లో ఇంగ్లీషు లేదని ఎవడన్నాడ్రా?" అనేవారు. భయంతో గుండెకి అదుముకుంటే క్లచ్. పట్టింది వదలకపోతే గ్రిప్. ఎవరిదీ కాని నేల చుట్టూ గట్టు వేసేసి చెరువు తవ్వుకుంటే అదీ గ్రాబే అని కాస్త గొంతు తగ్గించి చెప్పారొకసారి. అలాంటి చెరువులున్న ఇళ్ళ పిల్లలు ఇద్దరు ముగ్గురు వెనక బెంచీలో తలలు దించుకున్నారు. ఏ మాటైనా ముందు చేత్తో చేసి చూపిస్తేనే పలక పట్టుకోనిచ్చేవారు. మా బడి దాటి వెళ్ళేవాళ్ళు ఇంగ్లీషు క్లాసా, కుస్తీ పోటీయా అనుకునేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా కొల్లేరు పొంగింది. ముసురు పట్టి వదల్లేదు. చూస్తుండగానే నీళ్ళు బడి మెట్లెక్కేశాయి. పిల్లల్ని పడవల మీద రోడ్డు వైపు దాటించమన్నారు. మావయ్య పడవలో మేమూ, మాతో మాస్టారూ. ఆయన పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అయినా మమ్మల్ని లోపలికి జరిపి తను అంచున కూర్చున్నారు.

నీళ్ళలో రెల్లులా పెరిగే కిక్కిస పొదకి తగిలి పడవ ఒరిగింది. వెనక్కి పడిపోయాను నేను. నాకు ఈత వచ్చు. కానీ గుర్రపుడెక్క వేళ్ళు కాళ్ళకి చుట్టుకుపోతే ఈత ఏం చేస్తుంది? కళ్ళు తెరిస్తే అంతా ఆకుపచ్చ చీకటి. కాలు విదిలిస్తే ఇంకా బిగుసుకుంది. అమ్మా అనబోతే నోట్లోకి నీళ్ళు. ఇప్పటికీ తల మీద నుంచి నీళ్ళు పోసుకుంటే ఒక్క క్షణం నాకు ఊపిరాడదు.

పడవలోంచి ఎవరైనా పడితే మిగతావాళ్ళు లేవకూడదు. అడుక్కి కూర్చుని అవతలి పక్కకి ఒరగాలి. మా లంకలో పాలు తాగే పిల్లకైనా తెలిసిన సంగతి. మాస్టారు లేచి నిలబడ్డారు! "కూచోండి మాస్టారూ, కూచోండీ, బోల్తా పడిపోద్దండీ!" అని మావయ్య అరుస్తూనే ఉన్నాడట. ఈయన నడుం దాకా వంగి నా జడ దొరకబుచ్చుకున్నారు. పడవలోకి నీళ్ళు వచ్చేశాయి, పిల్లలు కెవ్వుమన్నారు. మావయ్య పడవ నెట్టే గెడ వదిలేసి అవతలి అంచుకి పిల్లల్ని తోశాడు, ఒక చేత్తో మాస్టార్ని కింద కూలేశాడు, రెండో చేత్తో నా మణికట్టు పట్టి పైకి లాగాడు.

రోడ్డు చేరినా మాస్టారు నా జడ వదల్లేదు. "నొప్పండీ, వదలండి మాస్టారూ" అన్నాను.

"వదలాలనే ఉందమ్మా. వేళ్ళు రావట్లేదు" అన్నారు. అందరి ముందూ, వానలో, వెక్కి వెక్కి ఏడ్చారు.

మావయ్య ముందు మాస్టార్ని కడిగేశాడు. "ఇంకో జానెడు ఒరిగితే అందరం పోయేవాళ్ళమండి! బుద్ధుందాండీ మీకు?" తర్వాత ఆయన పక్కనే కూలబడి చెయ్యి చాపాడు. "చెయ్యి పట్టుకుంటే తడికి జారిపోద్దండి. నా మణికట్టు మీరు పట్టుకోండి, మీ మణికట్టు నేను పట్టుకుంటాను. మీ వేళ్ళు వదిలేసినా నా వేళ్ళు ఉంటాయి. మా నీళ్ళల్లో ఇలాగేనండి లాగేది."

నీళ్ళు తగ్గి బడి తెరిచిన రోజున మాస్టారు పుస్తకం తియ్యలేదు. ఇద్దరిద్దర్ని నిలబెట్టి ఆ పట్టు నేర్పించారు. "గ్రాబ్ ఒక్కడు చేసే పని. ఇది ఇద్దరు కలిసి చేసేది. గ్రిప్ అంటే కాస్త దగ్గరికొస్తుంది గానీ సరిపోదు. దీనికి సరైన ఇంగ్లీషు మాట నాకు దొరకలేదర్రా" అన్నారు. ఈ రోజు తాడేపల్లిగూడెంలో నేనూ ఇంగ్లీషే చెప్తున్నాను. నాకూ దొరకలేదు.

పోయిన వారం ఏలూరు ఆసుపత్రిలో చూశాను ఆయన్ని. ఐసీయూలోకి ఒక్కొక్కరినే, అదీ కాసేపే పంపేవారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు డాక్టరుగారు. మాస్టారు మాస్కు పక్కకి జరుపుకుని నవ్వారు. "చూశావా అమ్మాయ్, జన్మంతా తప్పించుకు తిరిగాను. ఆఖరికి నీరే నన్ను వెతుక్కుంటూ లోపలికొచ్చింది."

నాకు నవ్వు రాలేదు. ఆయన నవ్వూ నిలవలేదు. మంచం ఇనపకమ్మీని పట్టుకున్నారు, అచ్చం పడవ అంచుని పట్టుకున్నట్టే. "పోవడానికి బెంగ లేదమ్మా. పోయేటప్పుడు ఎవరూ పట్టుకోకపోతేనో అని భయం. చాలా భయంగా ఉంది తల్లీ."

"నేనుంటానండి, పట్టుకుంటాను" అన్నాను. నర్సు వచ్చి ఇంక బయటికి వెళ్ళమంది.

అందుకేనండి రైల్లో నాకంత భయం. ఏలూరు వస్తుంటే దిగబుద్ధి కాలేదు. ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. తనే చెప్పింది.

"చాలా భయపడ్డారక్కా. నర్సమ్మ నన్ను లోపలికి పిలిచింది. పడవ ఊగుతోంది, పడవ ఊగుతోంది అంటున్నారు. చిన్నప్పుడు మీకందరికీ నేర్పినట్టే నాకూ నేర్పారుగా, మణికట్టు పట్టుకున్నాను. ఆయనా నాది పట్టుకున్నారు. ఎంత గట్టిగానో! తర్వాత ఆయన వేళ్ళు వదిలేశాయి." కుడి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. "నేను వదల్లేదక్కా."

అప్పుడు ఏడ్చాను నేను, వరండాలో జనం తిరిగి చూసేలా.

సాయంత్రం మగవాళ్ళు శ్మశానం నుంచి వచ్చారు. మాస్టారింట్లో అందరం తలమీద నుంచి స్నానాలు చేస్తున్నాం. పెరట్లో కొళాయి దగ్గర వాళ్ళమ్మాయీ చీరతోనే కూర్చుని నెత్తిన చెంబుతో నీళ్ళు గుమ్మరించుకుంటోంది. కుడి మణికట్టు మీద మాస్టారి వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ ఒక్క చేతినీ నీళ్ళు తగలకుండా పక్కకి చాచి పెట్టుకుంది.