ఇత్తడి టార్చిలైటు, జేబురుమాలు

ఇరవై ఏళ్లుగా నా సంచీలో ఉండే ఇత్తడి టార్చిలైటు వెలగడం మానేసింది. నెల్లూరు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జువ్వలదిన్నెలో సముద్రం మీద వేటకెళ్లే మనిషొకడు నా పక్కన కూలబడ్డాడు. ఒకటే చేపల కంపు.

“ఏం చేస్తావన్నా దీన్ని?” అని అడిగాడు.

“వెలగట్లేదు. లోపలంతా తీసేసి ఎల్ఈడీ పెట్టిస్తా.”

వెంటనే లైటు లాక్కుని, వెనక మూత తిప్పి, అందులో ఉమ్మేసి తువ్వాలుతో గరగరా రుద్దాడు. ఛీ అనుకుని కిటికీ వైపు జరిగాను.

లైటు వెలిగింది.

“చిలుం పట్టిందన్నా, అంతే. సంచీలో వేసేటప్పుడు ఒక బ్యాటరీ తిరగేసి పెట్టుకో. దానంతటది వెలగదు, చిలుమూ పట్టదు.” అలాగే తిరగేసి ఇచ్చాడు.

నేను అతని ముందే జేబురుమాలు తీసి లైటంతా తుడిచాను. అతను చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఎల్ఈడీ పెట్టించలేదు. రోజూ బ్యాటరీ తిరగేసేటప్పుడు ఆ రుమాలు గుర్తొచ్చి నా మీద నాకే రోత పుడుతుంది.