బొమ్మక్క వినని కామెంటు పెట్టకూడదు

పెరియసామి నోరు మంచిది కాదని రాజపాళయంలో అందరికీ తెలుసుగానీ, ఆ నోటికి రోజుకు ఎనిమిది గంటలు తాళం పడి ఉంటుందన్న సంగతి కొందరికే తెలుసు. బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో పన్నెండు మగ్గాలు అతని చేతి కింద తిరుగుతాయి. పోగు తెగితే మగ్గం ఆగుతుంది. ఆగిన మగ్గం దగ్గరికి పరిగెత్తి ముడి వేస్తే మళ్ళీ తిరుగుతుంది. ఆ చప్పుడులో పక్కమనిషి చెవిలో అరిచినా వినబడదు. నీళ్ళు కావాలంటే బొటనవేలు, సూపర్‌వైజర్ వస్తున్నాడంటే నెత్తి మీద అరచెయ్యి. ఇరవై రెండేళ్ళు ఇలా సైగలతో బతికిన మనిషి లోపల ఎన్ని మాటలు పోగుపడి ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఆ మాటలన్నీ బయటికి రావడానికి దారి చూపించినవాడు ఫోన్ల దుకాణం రాజ్‌కమల్. ఆదివారం ఆదివారం స్కూలు మైదానంలో ఆడపిల్లల వాలీబాల్ పోటీలు జరుగుతాయి. రాజ్‌కమల్ కర్రకు ఫోను కట్టి వాటిని యూట్యూబులో లైవ్ పెట్టేవాడు. మొదట్లో ముప్పై మంది చూసేవారు, అందులో ఇరవై మంది ఆడేవాళ్ళ చుట్టాలు. తరవాత కింద కామెంట్లు రాయడానికి పెరియసామి దిగాడు. మూడు నెలల్లో నాలుగు వందల మంది అయ్యారు. వాళ్ళలో సగం మంది ఆట కోసం వస్తున్నారా, పెరియసామి తిట్ల కోసం వస్తున్నారా అంటే రాజ్‌కమల్ నవ్వి ఊరుకునేవాడు.

పెరియసామి దగ్గర ఒక కిటుకు ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చుకున్న అక్షరాలు అరవం. ఇంటి మాటను అరవ అక్షరాల్లో రాస్తే మనవాళ్ళు చదువుకుని పడీ పడీ నవ్వుతారు, అవతలి ఊరివాళ్ళు అక్షరాలు కూడబలుక్కుని తెల్లమొహం వేస్తారు. తిట్టినట్టూ ఉంటుంది, ఎవరికీ తగలనట్టూ ఉంటుంది. పైగా తన పేరుకు బదులు ఒక తెల్ల వేటకుక్క బొమ్మ పెట్టుకున్నాడు, ఆ కుక్క ఎవరో షెడ్డంతటికీ తెలిసినా సరే. ఇంతకంటే మర్యాదస్థుడైన అభిమాని ఈ జిల్లాలో లేడని అతని గట్టి నమ్మకం. తాతల కాలం నుంచీ ఆ ఇంట్లో నోటితోనే నడిచిన భాష మొదటిసారి రాతకెక్కింది పెరియసామి చేతిలోనే. ఎక్కిన మొదటి వాక్యం ఒక అంపైరు కళ్ళద్దాల గురించి కావడం వేరే సంగతి.

సెమీ ఫైనల్లో మంసాపురం జట్టు తరఫున వెన్నిలా అనే పిల్ల ఆడింది. పందొమ్మిదేళ్ళది. మంచి సర్వీసు. మొదటి సెట్టులో ఒకటి రెండు బంతులు నెట్టుకు తగిలినా, తరవాత వరసగా నాలుగు పాయింట్లు తీసింది. మంసాపురం గెలిస్తే ఫైనల్లో మా పిల్లల మీదికి వస్తుందని పెరియసామికి కడుపు మండింది. ఆ పిల్ల చెయ్యి ఎత్తినప్పుడల్లా ఒక కామెంటు వేశాడు. మూడోది వేసిన తరవాత నాలుగు వందల మందిలో రెండు వందల మంది నవ్వు బొమ్మలు పెట్టారు. పెరియసామి ఫోనును భార్య అళగమ్మాళ్ ముందు పెట్టి, "చూడు, నా మాటకి ఎంత మంది నవ్వతా ఉండారో" అన్నాడు. ఆమె చింతపండు పిసుకుతూ, "నవ్వేవాళ్ళు సరి. ఏడ్చేవాళ్ళని లెక్క చూపించదా ఆ ఫోను?" అంది. పెరియసామి ఆ ప్రశ్నను చింతపండు పులుపు కింద జమకట్టి వదిలేశాడు.

ఆ రోజు మంసాపురం ఎలాగో గెలిచింది. కానీ బుధవారం రాజ్‌కమల్ దుకాణం ముందు ఆగినప్పుడు పెరియసామికి ఒక కబురు తెలిసింది.

"అణ్ణా, ఫైనల్‌కి ఆ వెన్నిలా రాదంట. సెట్ల మధ్యలో ఎవురో ఫోను చూపించినారంట, మీ కామెంటు చదివి నిలబడి పోయినాదంట. అప్పటినుంచి సర్వీసు వేస్తే ఒక్కటీ నెట్టు దాటలేదు. ప్రాక్టీసుకీ పోవడం లేదు."

మొదట పెరియసామి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మైదానంలో దిగకుండా ఒక ఆటగత్తెను పడగొట్టడం మాటలా. ఇంటి దాకా ఆ పొంగుతోనే నడిచి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు. చదివి నిలబడిపోవాలంటే ఆ పిల్లకు అర్థమై ఉండాలి కదా.

మరునాడు టీ వేళకు మగ్గాలు ఆగాక సంగతి బయటపడింది. షెడ్డు చివర గుడ్డ మడతపెట్టే బల్ల దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న బొమ్మక్క ఆ వారం సరిగా మాట్లాడడం లేదని ఎవరో అన్నారు. ఎందుకని అడిగితే, కూతురు అన్నం తినడం లేదట, వాలీబాల్ ఆడే కూతురట, మంసాపురం బస్సులో వస్తుంది కదా ఆవిడ, అన్నారు. పెరియసామి టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు. బొమ్మక్కది తనలాగే తెలుగు మాట్లాడే ఇల్లు. పదకొండేళ్ళుగా రోజూ తల ఊపి పలకరించుకునే మనిషి. ఆమెకు కూతురుందని కూడా అతనికి తెలియదు. ఆ చప్పుడులో ఎవరు ఎవరిని అడుగుతారు? వెన్నిలా అన్న పేరు చూసి అరవ పిల్లే అనుకున్నాడు. మంసాపురమంటే అవతలి ఊరు, అవతలి ఊరంటే అవతలివాళ్ళు, అంతే లెక్క.

అవతలివాళ్ళకు తగలకుండా అంత జాగ్రత్తగా విసిరిన రాయి నేరుగా సొంతవాళ్ళ నెత్తినే పడింది. తగలనివాళ్ళు నవ్వు బొమ్మలు పెట్టుకుని పోయారు. తగిలిన ఇల్లు ఒక్కటే ఏడ్చింది.

సాయంత్రం షిఫ్టు దిగి పెరియసామి మంసాపురం టౌన్ బస్సెక్కాడు. వట్టి చేతులతో పోకూడదని డజను అరటిపండ్లు కొన్నాడు. బస్సులో ఏం చెప్పాలో పదిసార్లు అనుకున్నాడు. అనుకున్నదాంట్లో సగం తన తప్పు కాదని చెప్పేదే. మనిషి బుద్ధి అంత తొందరగా మారదు.

బొమ్మక్క గుమ్మంలో కూర్చుని ఉంది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. "దా పెరియసామి, కూర్చో" అని చాప వేసి, నీళ్ళిచ్చి, అతను గొంతు సవరించుకోకముందే అడిగింది.

"ఫోను తెచ్చినావా?"

"తెచ్చినాను అక్కా."

"అప్పుడు చదువు. నాకు చదవను రాదు. మా వెన్నిలా పుళ్ళని అడిగితే చెప్పను అంటాది. ఏమి రాసినావో నీ నోటితోనే వింటాను."

పెరియసామి ఈ మాట ఊహించలేదు. తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు, తలుపేసుకుంటుందనుకున్నాడు. చదవమంటుందని అనుకోలేదు. లోపలి గదిలో వెన్నిలా ఉందని గాజుల చప్పుడు చెబుతోంది. తప్పక ఫోను తీసి, గొంతు తగ్గించి మొదటిది చదివాడు. "'నెట్టుకి ఏమైనా మొక్కుకున్నావా పుళ్ళా, బంతులన్నీ దానికే ఇస్తా ఉండావు.'"

బొమ్మక్క పెదవి కొంచెం కదిలింది. "పర్వాలేదు. ఇంకా?"

"'అది చెయ్యా, పరోటా పిండా?'"

"దాని చెయ్యి అప్పుడప్పుడు అట్లానే ఉంటాది. ఇంకా?"

మూడోది తెర మీద ఉంది. వేళ్ళతో రాయడానికి పెరియసామికి పది సెకన్లు కూడా పట్టలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే నాలుక లేవడం లేదు. రెండుసార్లు దగ్గాడు. నీళ్ళు తాగాడు. అక్షరాలు చిన్నగా ఉన్నాయన్నాడు.

"పెద్దది చేసి చదువు. నాకేమి తొందర లేదు" అంది బొమ్మక్క.

"'మీ అమ్మ గంజిలో నీళ్ళు పోసి పెంచినదా…'"

తరవాత ఇంకో సగం వాక్యం ఉందిగానీ అతనికి చేత కాలేదు. బొమ్మక్క అతను తాగిన చెంబు తీసి పక్కన పెట్టింది.

"నిజమే రాసినావు" అంది. "వాళ్ళ నాయన పోయిన ఏడు అట్లానే పెంచినాను. గంజి తక్కువ, నీళ్ళు ఎక్కువ. నీకు ఎవురు చెప్పినారు ఆ సంగతి?"

"ఎవురూ చెప్పలేదు అక్కా. ఊరికే రాసినాను."

"ఊరికే" అంది బొమ్మక్క. ఆ ఒక్క మాటే. పెరియసామికి అంతకు ముందు ఎవరు తిట్టినా అంత సిగ్గు వెయ్యలేదు. ఏడుపు కూడా వచ్చింది. మగ్గాల మధ్య అయితే ఎవరికీ వినబడేది కాదు, ఇక్కడ వినబడింది.

అప్పుడు వెన్నిలా బయటికి వచ్చింది. పొడుగు పిల్ల, తల్లి కంటే జానెడు ఎత్తు. ఆదివారం జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంచుకునేవాళ్ళు వస్తున్నారని, పేరు పడితే ఆటల కోటాలో కాలేజీ సీటు వస్తుందని, పడకపోతే జూన్ నుంచి తనూ తల్లి పక్కన మడతబల్ల దగ్గరే నిలబడాలని ముక్తసరిగా చెప్పింది.

"ఆడాలని ఉండాది మామా. చెయ్యి ఎత్తితే మీ ఎళుత్తే, ఆ రాతే కండ్ల ముందర ఆడతా ఉండాది. ఇప్పుడు మీరు ఏమి రాస్తారో, అమ్మని ఏమి అంటారో అని."

"ఇంక రాయను తల్లీ. ఫోను పారేస్తాను."

"పారేయద్దు" అంది ఆ పిల్ల. "మీరు రాయకపోతే ఇంకొకరు రాస్తారు. ఆదివారం మా అమ్మ పక్కన కూర్చోండి. ఏమైనా రాసుకోండి, కానీ వేసేముందర అమ్మకి చదివి వినిపించాల. అమ్మ సరి అంటేనే వేయాల. అట్లా అయితే నేను వస్తాను. ఏమి రాసినా అమ్మకి ముందరే తెలిసి ఉంటాది కదా, నాకు భయం ఉండదు."

పెరియసామి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆదివారం మధ్యాహ్నం తెలిసింది.

మైదానంలో మెట్ల మీద రాజపాళయం వాళ్ళందరూ ఒకవైపు, మంసాపురం వాళ్ళందరూ ఒకవైపు. పెరియసామి వెళ్ళి మంసాపురం మెట్ల మీద కూర్చున్నాడు. రాజపాళయం మెట్ల నుంచి ఈలలు వినిపించాయి. వెన్నిలా మొదటి సర్వీసుకే బంతి నెట్టులో పడింది. పెరియసామి వేళ్ళు వాటంతట అవే టైపు చేశాయి.

"చదువు" అంది బొమ్మక్క.

"'మొదటి సర్వీసు నెట్టులో పడినాది.'"

"పడినాది కదా. వేసేయ్."

అంత చప్పటి కామెంటు అతను జన్మలో పెట్టలేదు. ఒక్క నవ్వు బొమ్మ కూడా రాలేదు. దాని కింద మాత్రం వేరే ఎవరో అతని పాత గంజి మాటనే అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాశారు. దానికి నవ్వు బొమ్మలు టపటపా పడుతున్నాయి. "ఏమి రాసినారు?" అంది బొమ్మక్క, అతని మొహం చూసి.

"నా మాటే అక్కా. వేరేవాడు రాసినాడు." అని, ఫోను మీద వంగి కాసేపు రాశాడు. ఈసారి కుక్క బొమ్మ తీసేసి తన పేరు పెట్టాడు. చదివాడు. "'ఈ మాట మొదట రాసినది నేను, లూమ్ షెడ్ పెరియసామి. రాసినది తప్పు. ఆ అమ్మ నా పక్కన కూర్చొనుండాది. ఇంకా రాయాలంటే ఇక్కడికి వచ్చి ఆమె ముందర చదవండి.'"

బొమ్మక్క తల ఊపింది. "అరవంలోనూ రాయి. మన మాట రానివాళ్ళకీ తెలియాల." రాశాడు. ఎవరూ రాలేదు. కొందరు ద్రోహి అన్నారు. రాజ్‌కమల్ మాత్రం కర్ర దగ్గరి నుంచి చెయ్యెత్తి చూపించాడు.

ఆ సంగతి కోర్టులోకి ఎలా చేరిందో తెలియదు, లేక చేరనే లేదో. రెండో సెట్టు నుంచి వెన్నిలా చెయ్యి కుదిరింది. మూడో సెట్టు పద్నాలుగు–పదమూడు. మంసాపురానికి ఒక్క పాయింటు చాలు, సర్వీసు వెన్నిలాది. బొమ్మక్క కళ్ళు మూసుకుంది. పెరియసామి మూసుకోలేదు, తన ఊరు ఓడిపోతుందన్న బాధా, ఈ బంతి దాటాలన్న కోరికా రెండూ అతన్ని ఒకేసారి పట్టుకున్నాయి. బంతి దాటింది. రాజపాళయం ఆరో నంబరు పిల్ల ఆనంది, పక్కపిల్ల తీస్తుందనుకుని, చూస్తూ నిలబడింది. బంతి ఆమె కాళ్ళ ముందే పడింది.

మంసాపురం మెట్లన్నీ లేచాయి. జిల్లా నుంచి వచ్చిన ఆయన కాగితం మీద ఏదో రాసుకోవడం పెరియసామి కళ్ళారా చూశాడు. చూసి, కళ్ళు తుడుచుకుని, వెంటనే ఫోను తీశాడు. ఎంతైనా అతని ఊరు ఓడిపోయింది. వేళ్ళు గబగబా కదిలాయి.

బొమ్మక్క ఆనందంలో కూడా మరిచిపోలేదు. "చదువు."

"'ఆరో నంబరు పుళ్ళ నిలబడే నిద్రపోయినాది, వాళ్ళ అమ్మ…'"

"ఊ. వాళ్ళ అమ్మ ఏమి చేసినాది?"

పెరియసామి తలెత్తాడు. అవతలి మెట్ల మీద నుంచి ఒక ఆమె నీళ్ళ సీసా పట్టుకుని దిగి వస్తోంది. కోర్టులో మొహం కప్పుకుని కూర్చున్న ఆనంది వైపు పోతోంది. అతను చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టాడు.

"ఎంతవరకు తీసినావు?" అంది బొమ్మక్క.

"అమ్మ వరకు తీసినాను అక్కా."

"అంతే చాలు. నిద్రపోయినాదన్నది ఉండనీ. అది నేనూ చూసినాను."