వెదురు బుట్టలో ఫోను

యిప్ బాబాయికి తెలిసిన మరమ్మతు లోకంలో ఒక్కటే: ఆపాలి, ఆగాలి, మళ్ళీ వేయాలి. లిఫ్టులు బాగుచేసే పనిలో తల నెరిసిన మనిషి. రిటైరయ్యాక మా టీ కొట్టులో మూలబల్ల ఆక్రమించి, ఆ విద్యనే రైస్ కుక్కరు మీదా, టీవీ మీదా, ఒకసారి వెక్కిళ్ళు పట్టిన మా వెయిటరు మీదా ప్రయోగించాడు.

ఆదివారం మధ్యాహ్నం షా టిన్ మైదానంలో గుర్రప్పందేలు. షామ్ షుయ్ పోలోని మా కొట్టులో అందరి కళ్ళూ ఫోన్లలోనే. గుర్రాలు గేట్ల దగ్గరికి చేరాయో లేదో, పందెం యాప్ గిరగిరా తిరిగే చక్రం ఒకటి చూపించి మొరాయిస్తుంది. అప్పుడు బాబాయే దిక్కు.

"బాబాయ్, చక్రం తిరుగుతోంది!"

"ఇటియ్యి."

ఫోను ఆపి, ఆన్ చేసే మీట నొక్కి, ఖాళీ వెదురు బుట్టలో పెట్టి మూత వేస్తాడు.

"బుట్టెందుకు బాబాయ్?"

"అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే నీకు నిద్ర పడుతుందట్రా?"

ఇక ఆగడం. మూత తీసేది కూడా ఆయనే. ఈలోగా ఫోను యజమానికి విచారణ జరుగుతుంది. "అన్నం తిన్నావా? ఎంత వేస్తున్నావు? అద్దె కట్టావా?"

కొన్ని ఫోన్లు చిటికెలో లేచేవి. నాది ఎప్పుడూ అంతే, నేను వేసేది టీ ఖరీదు. కొన్ని మాత్రం గుర్రాలు గీత దాటి, చెమటలు ఆరాక లేచేవి. "పాత ఫోను కదా," అనేవాడు బాబాయి. కొత్తదైతే, "దీనికింకా అలవాటు కాలేదు." మేం తిట్టుకుని, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చేవాళ్ళం.

మా వంటవాడు చోయ్ కాల్చిన పంది మాంసం కోసం జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. వాళ్ళావిడ లిన్ మాత్రం పళ్ళన్నీ ఊడి ఏడాదిగా గంజితోనే సరిపెట్టుకుంటోంది. ఆవిడ కట్టుడు పళ్ళకని దాచిన సొమ్మంతా ఒక ఆదివారం చోయ్ 'నవ్వుల ముల్లంగి' అనే గుర్రం మీద పెట్టబోయాడు. యాప్ మొరాయించింది.

"ఎంత వేస్తున్నావురా?" అన్నాడు బాబాయి, మూత పెడుతూ.

"పళ్ళు."

"అన్నీనా?"

"పై వరసా, కింది వరసా. గెలిస్తే బంగారు పళ్ళే కట్టిస్తా!"

"మీ ఆవిడ ఇవాళేం తింది?"

"గంజి. ఫోను తియ్యి బాబాయ్, గుర్రాలు గేట్లలోకి వెళ్తున్నాయి!"

"ఆగాలి. లిఫ్టులో జనం ఉన్నా ఆగాల్సిందే."

చోయ్ ఆగలేదు. మూత లాగేశాడు. ఫోను ఎప్పుడో లేచి కూర్చుంది. చక్రమూ లేదు, ఏమీ లేదు. బాబాయి వంక కొరకొరా చూసి, పందెం నొక్కడానికి వేలెత్తాడు.

బాబాయి చెయ్యి చాచి అతని భుజం తట్టాడు.

కొట్టంతా కొయ్యబారిపోయింది. పందెం వేసేవాడి భుజం తడితే అదృష్టం అక్కడికక్కడే రాలిపోతుందని మేం ఉగ్గుపాలతో నేర్చుకున్నాం. కన్నతల్లి కూడా ఆ పని చేయదు.

"భుజం తట్టావా! నువ్వసలు మనిషివేనా?"

"దుమ్ముందిరా. దులిపాను."

చోయ్ వేలు గాలిలోనే ఉండిపోయింది. గేట్లు తెరుచుకున్నాయి, ఇక పందెం తీసుకోరు.

ముల్లంగి గెలిచింది.

చోయ్ నోటికొచ్చినట్టు తిట్టి వంటింట్లోకి పోయాడు. "గెలిచింది కదా బాబాయ్, ఇప్పుడేమంటావు?" అన్నాను నేను.

బాబాయి టీ ఊదుకున్నాడు. "ఇవాళ వీడు గెలిచుంటే, వచ్చే ఆదివారం పళ్ళతో పాటు ఆవిడ దవడ కూడా పెట్టేవాడు."

అద్దె కట్టనివాళ్ళ ఫోన్లకే అంత మొద్దు నిద్ర ఎందుకు పట్టేదో నాకప్పటికి తలకెక్కింది. ముసలాయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. టీకి మాత్రం డబ్బు తీసుకున్నాను.

ఆ తర్వాత చాలా రోజులు బాబాయి పళ్ళెంలోకి మాడిన ముక్కలే వచ్చాయి. ఒకనాడు లిన్ కొత్త పళ్ళతో వచ్చి, మాంసం తెప్పించుకుని కరకరలాడించింది.

"ఉప్పెక్కువ," అంది మొగుడితో. "ఏడాదిగా ఊరందరికీ ఇదేనా పెడుతున్నావు?"

బాబాయి తన పళ్ళెంలోకి తొంగిచూసి, మాడిన ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం చోయ్ వంటింట్లోంచి వచ్చి, తన ఫోను తానే బుట్టలో పెట్టాడు.

"చక్రం తిరుగుతోందా?" అన్నాడు బాబాయి.

"లేదు. బాగానే ఉంది."

"మరి?"

"నిన్న జీతం వచ్చింది బాబాయ్. పందేలయ్యేదాకా పడుకోనీ."

బాబాయి మూత పెట్టాడు. "మీ ఆవిడ ఇవాళేం తింది?"

"పళ్ళొచ్చాక ఇంకేం తింటుంది? నా బుర్ర!"