నాలుగు సుద్దగీతలు

మొన్న సాయంత్రం తాడిపత్రిలో వాన పడింది. తడిసిన బండల వాసన ముక్కుకు తగలగానే కొలతల పుస్తకం పక్కన పడేసి యార్డులోకి పరుగెత్తాను. గోడకు ఆనించిన నల్లబండ మీద నాలుగు సుద్దగీతలు ఉండాలి. ఓబులేసన్న నాకు వదిలిపోయినవి అవే.

ఓబులేసన్న మా బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ. టేపు పట్టకుండా, కంటితోనే బండ వెడల్పు చెప్పేవాడు. ఆ విద్య నాకూ నేర్పాడు. అప్పట్లో నేను బాగా లావు. బండల వరుసల మధ్య సందులో పట్టక యార్డంతా చుట్టి వెళ్లేవాణ్ణి. బెంగళూరులో పొట్టకు ఆపరేషన్ చేయించుకుని సగం మనిషినయ్యాక కూడా అలాగే చుట్టి వెళ్లేవాణ్ణి. "ఏమప్పా, ఏం జబ్బు చేసింది?" అని ఊళ్లో ఎవరైనా అడిగితే ముఖం చెల్లేది కాదు. వేలాడే చర్మం కనబడుతుందని భార్య ముందు కూడా చొక్కా విప్పడం మానేశాను. పాత నన్ను అసహ్యించుకున్నాను. కొత్త నన్ను నమ్మలేకపోయాను.

ఒక మధ్యాహ్నం ఓబులేసన్న నన్ను ఆపాడు.

"సందు ఈడుండాది గదా, యాడికి చుట్టుకోని పోతాండావు?"

"పట్టనేమోనన్నా."

ఆయన నవ్వలేదు. సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వెంత వెడల్పుండావో ఈ బండ మీద గీయి."

రెండు గీతలు గీశాను. ఆయన నన్ను ఆ బండకే ఆనించి నిలబెట్టి, భుజాల పక్కన తనూ రెండు గీతలు గీశాడు. వెనక్కి తిరిగి చూస్తే నా గీతలు ఆయన గీతలకు అటు జానెడు, ఇటు జానెడు దూరంగా ఉన్నాయి.

"రాయికైతే అంగుళం గూడా తప్పవు. నీ కాడికొచ్చేసరికి ఇంత తప్పినావే," అన్నాడు. "ఆ లావు మనిషిని తిట్టొద్దప్పా. ధైర్యం చేసి ఆపరేషన్‌కు పోయినోడు వాడే గదా." నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పక్కనే నిలబడ్డాడు.

ఆ బండను నేను ఏ లారీకీ ఎక్కించనివ్వలేదు. పోయినేడు రాతిదుమ్ము ఆయన ప్రాణం తీసింది. అప్పటినుంచి రోజూ ఆ గీతలు చూసుకున్నాకే సందులోకి అడుగు పెట్టేవాణ్ణి. వానలు ముఖం చాటేసే ఊరు, మబ్బు పట్టినప్పుడల్లా బండ మీద పట్టా కప్పేవాణ్ణి కాబట్టి అవి అన్నాళ్లు నిలిచాయి.

మొన్న వెళ్లేసరికి ఒక్క గీతా మిగల్లేదు. ఆయన మళ్లీ పోయినట్టనిపించింది. తడిసి నిగనిగలాడే బండలో, చొక్కా ఒంటికి అంటుకుపోయిన మనిషి ఒకడు కనిపించాడు. వదులు చర్మంతో సహా అంతా కనిపిస్తున్నాడు. నేను ముఖం తిప్పుకోలేదు. ఆయనిచ్చిన సుద్దముక్క జేబులోనే ఉంది. బండ ఆరాక మళ్లీ గీసుకోవచ్చు. గీసుకోలేదు. సందులోంచే వెనక్కి వచ్చాను.